కాటలేజ్ ఎవరిని కాపాడుతోంది? – ప్రాజెక్టు డైరీ

ప్రశ్న

రోగకారక బాక్టీరియా గురించి ఏ పాఠ్యపుస్తకం తీసినా ఎంజైముల పట్టిక ఒకటి ఉంటుంది. కోయాగ్యులేజ్, యూరియేజ్, హయాలురోనిడేజ్, కాటలేజ్ అంటూ వరుసగా పేర్లు, ఒక్కోదానికి ఎదురుగా ఒక్కో వాక్యం. కాటలేజ్‌కు ఎదురుగా, తెల్ల రక్తకణాలు వదిలే హైడ్రోజన్ పెరాక్సైడ్ నుంచి ఇది బాక్టీరియాను కాపాడుతుందని రాస్తారు. పరీక్షల్లో మేమంతా అదే రాశాం, మార్కులూ వచ్చాయి. ఆ వాక్యం ఏ పరిస్థితుల్లో నిలుస్తుందో, ఎక్కడ నిలవదో స్వయంగా చేసి చూడడమే ఈ ప్రాజెక్టు.

నేపథ్యం కొంచెం చెప్పాలి. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం ఒక బాక్టీరియాను మింగగానే దాని పొరలోని ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే యంత్రాంగం పనిలోకి దిగి ఆక్సిజన్‌ను సూపర్ఆక్సైడ్‌గా మారుస్తుంది. అందులోంచి పెరాక్సైడ్ పుడుతుంది. పెరాక్సైడ్ అణువు చిన్నది, విద్యుదావేశం లేనిది. అందుకే బాక్టీరియా పొరను పెద్దగా అడ్డులేకుండా దాటేస్తుంది. లోపల విడిగా తిరిగే ఇనుము అయాన్లు దానికి ఎదురుపడితే ఫెంటన్ చర్య జరిగి హైడ్రాక్సిల్ రాడికల్ వస్తుంది. అది పక్కనే ఏది దొరికితే దాన్ని దెబ్బతీస్తుంది. ఇనుము డీఎన్ఏకు అంటుకుని ఉంటే తెగేది డీఎన్ఏనే. కాటలేజ్ చేసే పనల్లా, అక్కడిదాకా రాకముందే రెండు పెరాక్సైడ్ అణువుల్ని రెండు నీటి అణువులు, ఒక ఆక్సిజన్ అణువుగా విడగొట్టడం. ఒక్క ఎంజైము అణువు సెకనుకు లక్షల సంఖ్యలో ఈ పని చేస్తుంది. ఇంత వేగం ఉన్న ఎంజైములు ప్రకృతిలో చాలా తక్కువ.

స్ట్రెయిన్లు

రోగకారక జీవులతో ఈ పని చేయడం లేదు. ప్రశ్నకు జవాబు రావడానికి వాటి అవసరమూ లేదు. ఈ. కోలై అనే పేగు బాక్టీరియాలో కే-12 అనే రకం (స్ట్రెయిన్) చాలు. 1922లో వేరుచేసిన ఈ స్ట్రెయిన్ ప్రయోగశాలల్లో తరతరాలుగా పెరిగి పెరిగి, మనిషి పేగులో నిలదొక్కుకునే శక్తినే చాలావరకు పోగొట్టుకుంది. పైగా దీని జన్యువుల్ని ఒక్కొక్కటిగా తీసేసిన మ్యూటెంట్ల సేకరణ సిద్ధంగా ఉంది. జపాన్‌లోని కేయో విశ్వవిద్యాలయం పేరుతో 2006లో వెలువడిన ఆ సేకరణలో 3,985 జన్యువులకు మ్యూటెంట్లు ఉన్నాయి. తీసేసిన ప్రతి జన్యువు స్థానంలో కనమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు నిరోధకత ఇచ్చే జన్యువు ఉంటుంది కాబట్టి ఏది మ్యూటెంటో, ఏది కాదో ప్లేటు మీదే తేలిపోతుంది.

ఈ. కోలైలో కాటలేజ్‌లు రెండు. కాట్‌జీ, కాట్‌ఈ. పెరాక్సైడ్ తగిలినప్పుడు ఆక్సీఆర్ అనే నియంత్రకం కాట్‌జీని లేపుతుంది. కాట్‌ఈ సంగతి వేరు. ఆహారం అయిపోయి ఎదుగుదల ఆగినప్పుడు, అంటే స్టేషనరీ ఫేజ్‌లో, ఆర్‌పీఓఎస్ అనే సిగ్మా కారకం (జన్యువుల్ని పనిలోకి దించే ప్రోటీను) దాన్ని తయారుచేయిస్తుంది. ఒకటి దాడికి జవాబు, రెండోది కరువుకు ముందుజాగ్రత్త.

సేకరణ నుంచి కాట్‌జీ, కాట్‌ఈ, ఆక్సీఆర్, రెక్‌ఏ (డీఎన్ఏను మరమ్మతు చేసేది) మ్యూటెంట్లు, వాటి మాతృ స్ట్రెయిన్ (వైల్డ్ టైప్) తెచ్చుకున్నాం. రెండు కాటలేజ్‌లూ లేని డబుల్ మ్యూటెంట్‌ను మాత్రం మేమే తయారుచేశాం. ఒకదానిలోని కనమైసిన్ క్యాసెట్‌ను (ఆ నిరోధక జన్యువును) పీసీపీ20 అనే చిన్న వలయాకార డీఎన్ఏ (ప్లాస్మిడ్)తో తొలగించి, రెండో మ్యుటేషన్‌ను పీ1 అనే బాక్టీరియా వైరస్ (ఫేజ్) ద్వారా దానిలోకి చేర్చాం. డీఎన్ఏ ముక్కను పెంచి సైజు చూసే పీసీఆర్‌లో రెండు బ్యాండ్లూ అనుకున్న సైజులో వచ్చాక గానీ టెన్షన్ తగ్గలేదు.

నురగ

మొదటి పని, ఎంజైము లేనిచోట నిజంగానే లేదని కంటితో చూసుకోవడం. దీనికి ఒక తేలికైన పద్ధతి ఉంది. టెస్ట్‌ట్యూబులో 100 మైక్రోలీటర్ల బాక్టీరియా, అంతే ట్రైటాన్ ఎక్స్-100 డిటర్జెంట్, అంతే 30 శాతం పెరాక్సైడ్. బుడగలు బుడగలుగా వచ్చే ఆక్సిజన్‌ను డిటర్జెంట్ పట్టి ఉంచడంతో నురగ స్తంభంలా లేస్తుంది. పక్కన స్కేలు పెట్టి ఎత్తు కొలిస్తే ఎంజైము ఎంత చురుగ్గా ఉందో తెలిసిపోతుంది. (30 శాతం పెరాక్సైడ్ చర్మం మీద పడితే తెల్లగా కాలుస్తుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయకూడదు.)

స్టేషనరీ ఫేజ్ కల్చర్లతో చేసిన వరుస చూడ్డానికి బాగుంది. వైల్డ్ టైప్ ట్యూబులో ద్రవం ఒక్కసారి పొంగి, తెల్లటి నురగ గట్టిగా, సన్నటి కళ్లతో పైకి లేచి అక్కడే నిలిచింది. కాట్‌జీ లేని దానిలోనూ నురగ బాగానే లేచింది. కాట్‌ఈ లేని ట్యూబులో బాగా తగ్గింది. డబుల్ మ్యూటెంట్‌లో ద్రవం మీద పల్చటి గీత తప్ప ఏమీ రాలేదు. అవే కల్చర్లను 55 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి మళ్లీ చేశాం. కాట్‌జీ వేడికి ఆగదు, కాట్‌ఈ ఆగుతుంది. అనుకున్నట్టే వైల్డ్ టైప్‌లో నురగ మిగిలింది, కాట్‌ఈ మ్యూటెంట్‌లో ఉన్న కాస్తా పోయింది. ఒక్క వాటర్‌బాత్‌తో రెండు ఎంజైముల్నీ విడదీసి చూపించే ఈ పరీక్ష కొత్తగా ల్యాబ్‌కు వచ్చేవాళ్లకు తప్పకుండా చేయించాలి.

పెరాక్సైడ్ కొలత

పెరాక్సైడ్ నిల్వ ఉన్నకొద్దీ విడిపోతూ ఉంటుంది, సీసా మీద ఉన్న అంకెను నమ్మి లెక్క వేయలేం. అందుకని ప్రతిసారీ 240 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూస్తున్నాం. 10 మిల్లీమోలార్ ద్రావణం ఒక సెంటీమీటరు క్యువెట్‌లో 0.436 కాంతి శోషణ చూపాలి. బాక్టీరియాను పెంచే ఎల్‌బీ మీడియం కూడా అక్కడే కాంతిని పీల్చుకుంటుంది. అందుకే కణాల్ని కడిగి, ఫాస్ఫేట్ బఫర్‌లోకి మార్చాకే ప్రయోగం మొదలవుతుంది.

ప్లేట్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. మీడియం వెలుతురులో ఉంటే దానిలోని రైబోఫ్లేవిన్ లాంటివి కాంతిని పట్టుకుని పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. డబుల్ మ్యూటెంట్ అప్పటికే దెబ్బతిని ప్లేటు మీదికి వస్తుంది, అక్కడ మళ్లీ పెరాక్సైడ్ ఎదురైతే చావు లెక్క పెరిగిపోతుంది, ఆ చావు ఏ దశలో జరిగిందో తెలియదు. అందుకని ప్లేట్లను రేకులో చుట్టి చీకట్లో పెడుతున్నాం, అగార్‌లో పైరువేట్ కలుపుతున్నాం. పైరువేట్ పెరాక్సైడ్‌తో నేరుగా చర్య జరిపి దాన్ని ఖాళీ చేస్తుంది.

మొదటి బతుకు లెక్క

పద్ధతి ఇది. లాగ్ ఫేజ్ (వేగంగా పెరుగుతున్న దశ) కణాల్ని సెంట్రిఫ్యూజ్‌లో దించి బఫర్‌లో చిక్కగా కలపాలి, మిల్లీలీటరుకు సుమారు 100 కోట్లు. 2.5 మిల్లీమోలార్ పెరాక్సైడ్ కలిపి 15 నిమిషాలు. తర్వాత ఆవు కాలేయపు కాటలేజ్ ఒక చుక్క వేసి మిగిలిన పెరాక్సైడ్‌ను చంపేసి, పదేసి రెట్లు పల్చన చేసుకుంటూ ప్లేటు మీద పరచాలి. 30 నుంచి 300 మధ్య కాలనీలున్న ప్లేట్లే లెక్కకు వస్తాయి.

పుస్తకం చెప్పినట్టే వచ్చింది. వైల్డ్ టైప్ దాదాపు చెక్కుచెదరలేదు. డబుల్ మ్యూటెంట్ ప్లేట్లు బోసిపోయాయి. ఒక్క కాట్‌ఈ మాత్రమే లేనిది వైల్డ్ టైప్‌లాగే ప్రవర్తించింది, లాగ్ ఫేజ్‌లో కాట్‌ఈ ఎక్కువగా ఉండదు కాబట్టి.

గ్రాఫ్ చూపించినప్పుడు మా గైడ్ మేడమ్ అడిగిన మొదటి మాట, "సెల్స్ ఎన్ని పెట్టావు?" చెప్పాను. "సరే, ఇప్పుడు అదే ప్రయోగం మిల్లీలీటరుకు లక్షతో చెయ్యి. మిగతావేవీ మార్చకు."

లక్ష కణాలతో

ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు బాగా పనికొచ్చిన ఫలితం ఇదే. కణాల్ని పల్చన చేయగానే రెండు స్ట్రెయిన్ల మధ్య తేడా మాయమైంది. వైల్డ్ టైప్, డబుల్ మ్యూటెంట్ రెండూ ఒకే రకంగా చచ్చాయి. ప్లేట్లను పక్కపక్కన పెట్టి లేబుళ్లు మూసేస్తే ఏది ఏదో చెప్పలేం. రెక్‌ఏ స్ట్రెయిన్‌ను కూడా అదే రోజు పెట్టాం, దాని సంగతి కిందన రాస్తాను.

ఎందుకలా జరిగిందో ఫ్లాస్కులోని ద్రవమే చెప్పింది. 15 నిమిషాల తర్వాత కణాల్ని వడకట్టి 240 దగ్గర చూస్తే, చిక్కటి వైల్డ్ టైప్ ఫ్లాస్కులో 0.109 నుంచి మొదలైన రీడింగ్ సున్నా దగ్గరికి వచ్చేసింది. లక్ష కణాల ఫ్లాస్కులో మాత్రం సూది కదిలినట్టే లేదు. పెరాక్సైడ్ పొరను దాటి లోపలికి వచ్చే వేగం ముందు ఒక్క కణంలోని కాటలేజ్ చాలదు. అది ఎంత విరగ్గొట్టినా బయటి సముద్రం తగ్గదు, లోపలికి వస్తూనే ఉంటుంది. కోట్ల కణాలు ఒకేచోట ఉంటే మాత్రం అన్నీ కలిసి బయటి పెరాక్సైడ్‌నే ఖాళీ చేస్తాయి. ఈ. కోలైలో ఈ సంగతిని 1992లోనే చూపించారు. అక్కడ శీర్షికలోనే ఏకకణ జీవుల్లో బహుకణ రక్షణ అన్నారు. చదివినప్పుడు అర్థమైంది, చేసినప్పుడు నమ్మకం కుదిరింది.

దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లాం. చిక్కటి వైల్డ్ టైప్ కల్చర్‌లో డబుల్ మ్యూటెంట్‌ను కొద్దిగా కలిపి పెరాక్సైడ్ పోశాం. మ్యూటెంట్‌కు కనమైసిన్ నిరోధకత ఉంది, వైల్డ్ టైప్‌కు లేదు. కాబట్టి కనమైసిన్ ప్లేటు మీద లేచేవన్నీ మ్యూటెంట్లే. విడిగా ఉన్నప్పుడు తుడిచిపెట్టుకుపోయిన ఆ కణాలే, కాటలేజ్ ఉన్నవాటి మధ్య ఉన్నప్పుడు హాయిగా కాలనీలు కట్టాయి. అంటే ఈ ఎంజైము లాభం దాన్ని తయారుచేసిన కణానికే దక్కాలని లేదు. ఇరుగుపొరుగు అందరికీ పోతుంది.

రోగం విషయంలో ఇది చిన్న సంగతి కాదు. చీము గడ్డలోనో, బాక్టీరియా పొరగా కట్టే బయోఫిల్మ్‌లోనో కోట్లలో గుమిగూడిన బాక్టీరియాకు కాటలేజ్ ఇచ్చే రక్షణ వేరు, మాక్రోఫేజ్ అనే రక్షక కణం కడుపులో ఒంటరిగా చిక్కిన ఒక్క కణానికి ఇచ్చే రక్షణ వేరు. మ్యూటెంట్ బలహీనపడిందా లేదా అని అడిగే ముందు, ఎంతమందిలో ఉండగా అని అడగాలి.

రెక్‌ఏ

రెక్‌ఏ కాటలేజ్ కాదు, తెగిన డీఎన్ఏను అతికించే ప్రోటీను. కాటలేజ్‌లు రెండూ ఉన్నా రెక్‌ఏ లేని స్ట్రెయిన్ పల్చటి కల్చర్‌లో అన్నిటికంటే ఘోరంగా చచ్చింది. డోసు మార్చి చూస్తే ఇంకో వింత. 1 నుంచి 3 మిల్లీమోలార్ దగ్గర చావు ఎక్కువ, దానికంటే ఎక్కువ పోస్తే కొంత తగ్గింది, 20 దాటాక మళ్లీ పెరిగింది. 1980ల్లో ఇమ్లే, లిన్ దీన్ని రెండు రకాల మరణంగా వివరించారు. తక్కువ డోసులో చంపేది డీఎన్ఏ గాయం, దానికి కణం చురుగ్గా శ్వాసిస్తూ ఉండాలి. ఎక్కువ డోసులో కణం మొత్తం దెబ్బతింటుంది. డీఎన్ఏను అతికించుకోలేని స్ట్రెయిన్లలో మొదటి రకం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మా వైల్డ్ టైప్ గ్రాఫ్‌లో ఆ గుంట ఉందా లేదా అన్నట్టుంది, రెక్‌ఏలో స్పష్టంగా ఉంది.

సాల్మొనెల్లా చదువు

ఇంక్యుబేటర్ ఖాళీ లేని వారం చదవడానికి దొరికింది. మా బెంచీ మీద చూసిందానికి అసలు వ్యాధిలో సాక్ష్యం ఉందా అన్నది వెతికాను.

1995లో సాల్మొనెల్లా అనే రోగకారక బాక్టీరియా మీద వచ్చిన పరిశోధన ఒకటి సూటిగా ఇదే అడిగింది. కాట్‌జీ, కాట్‌ఈ రెండూ లేని సాల్మొనెల్లా ప్రయోగశాలలో పెరాక్సైడ్‌కు తట్టుకోలేకపోయింది. ఎలుకల్లో మాత్రం దాని రోగకారక శక్తి తగ్గలేదు. రెక్‌ఏ లేనిది బలహీనపడింది. ఆ వ్యాసం శీర్షికే సాల్మొనెల్లా వ్యాధికి కాటలేజ్ కంటే డీఎన్ఏ మరమ్మతు ముఖ్యమని చెబుతుంది. మా రెక్‌ఏ ప్లేట్లు పక్కన పెట్టుకుని ఇది చదవడం మంచి అనుభవం.

అక్కడితో ఆగితే కాటలేజ్ అక్కర్లేదనే నిర్ణయానికి వచ్చేస్తాం. 2009లో వచ్చిన పని దాన్ని సరిచేసింది. సాల్మొనెల్లాలో మూడో కాటలేజ్ కూడా ఉంది, కాట్‌ఎన్. ఇవి కాక పెరాక్సైడ్‌ను వేరే దారిలో తొలగించే ఆల్కైల్ హైడ్రోపెరాక్సైడ్ రిడక్టేజ్‌లు రెండున్నాయి. ఈ ఐదింటినీ ఒకేసారి తీసేసినప్పుడు సాల్మొనెల్లా ఎలుకల్లో బలహీనపడింది, మాక్రోఫేజ్‌లలో పెరగలేకపోయింది. ఒకటి పోతే ఇంకొకటి ఆ పని అందుకుంటుంది. ఒక్క జన్యువును తీసి, ఏమీ కాలేదు కాబట్టి దానితో పనిలేదనడం ఈ రంగంలో చాలా తేలిగ్గా జరిగే పొరపాటు నిర్ణయం.

ఇంకో వైపు నుంచి కూడా సాక్ష్యం ఉంది. దీర్ఘకాలిక గ్రాన్యులోమాటస్ వ్యాధి ఉన్నవాళ్ల న్యూట్రోఫిల్స్‌లో, మొదట చెప్పిన ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ పనిచేయదు. వాళ్లకు స్టెఫైలోకాకస్ లాంటి కాటలేజ్ ఉన్న జీవులే ఎక్కువగా సోకుతాయి. ఆ జీవులు తాము వదిలే పెరాక్సైడ్‌ను తామే విరగ్గొట్టేసుకోవడంతో న్యూట్రోఫిల్‌కు ఆ ఆయుధమూ దొరకదని ఏళ్ల తరబడి చెప్పారు. వినడానికి అందంగా ఉంటుంది. 2002లో కాటలేజ్ లేని స్టెఫైలోకాకస్ ఆరియస్‌ను అదే వ్యాధి ఉన్న ఎలుకలకు ఎక్కించి చూస్తే, అది కూడా అంతే తీవ్రంగా సోకింది. న్యుమోకాకస్‌కైతే కాటలేజే లేదు. పైగా తన పైరువేట్ ఆక్సిడేజ్‌తో పెరాక్సైడ్‌ను తానే బోలెడంత తయారుచేస్తుంది. అయినా న్యుమోనియా తెప్పిస్తుంది.

పట్టికలోని ఎంజైములన్నీ ఇలాగే ఉంటాయని అనడం లేదు. హెలికోబాక్టర్ పైలోరీ యూరియేజ్ విషయంలో లెక్క చాలా స్పష్టం. యూరియాను విడగొట్టి అమ్మోనియా పుట్టించి, జీర్ణాశయ ఆమ్లంలో ఆ బాక్టీరియాను నిలబెట్టేది అదే. యూరియేజ్ లేని మ్యూటెంట్ పందిపిల్లల జీర్ణాశయంలో స్థిరపడలేకపోయింది. అక్కడ బదులు పని చేసే రెండో ఎంజైము లేదు.

ముందస్తు డోసు

తిరిగి బెంచీ దగ్గరికి. పెరాక్సైడ్‌ను ముందుగా చాలా తక్కువ మోతాదులో, 60 మైక్రోమోలార్ దగ్గర, గంటసేపు ఇచ్చి తర్వాత చంపే డోసు ఇస్తే ఏమవుతుంది? వైల్డ్ టైప్ ఆ రెండో దెబ్బను బాగా తట్టుకుంది. ఆక్సీఆర్ లేనిదానికి ముందస్తు డోసు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే, రెండు ప్లేట్లూ ఖాళీ.

ఆక్సీఆర్ పనితీరు నాకు ఎంతో ఇష్టమైన భాగం. దానిలోని 199వ, 208వ స్థానాల్లో ఉన్న రెండు సిస్టీన్ అమైనో ఆమ్లాలను పెరాక్సైడ్ తాకగానే వాటి మధ్య డైసల్ఫైడ్ బంధం ఏర్పడుతుంది. ప్రోటీను ఆకారం మారుతుంది, సెకన్లలోనే జన్యువులు లేస్తాయి. కాట్‌జీ ఒక్కటే కాదు. ఆల్కైల్ హైడ్రోపెరాక్సైడ్ రిడక్టేజ్ వస్తుంది. విడి ఇనుమును పట్టి దాచే డీపీఎస్ వస్తుంది. ఇనుము రాకను తగ్గించే ఫర్ కూడా పెరుగుతుంది. పెరాక్సైడ్‌ను తీసేయడం ఒక దారి, అది తాకే ఇనుమునే లేకుండా చేయడం రెండో దారి. కణం రెండూ ఒకేసారి చేస్తుంది. ఒక్క ఎంజైమునే చూస్తే ఈ రెండో సగం కనిపించదు.

క్షయ గురించి ఒక మాట

మైకోబాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్‌లో ఆక్సీఆర్ జన్యువు ప్రకృతిలోనే చెడిపోయి ఉంది. దానికి ఉన్న కాటలేజ్ కాట్‌జీ ఒక్కటే. 1952 నుంచి వాడుకలో ఉన్న ఐసోనియాజిడ్ మందు లోపలికి వెళ్లేటప్పుడు నిర్వీర్యంగా ఉంటుంది, దాన్ని చురుకైన రూపంలోకి మార్చేది బాక్టీరియాలోని ఈ కాట్‌జీయే. ఆ సంబంధం 1992లో బయటపడింది. రక్షణ కోసం ఉంచుకున్న ఎంజైమే మందుకు తలుపు తీస్తుంది. ఆ ఎంజైమును మొత్తంగా వదిలేసుకుంటే మందు పనిచేయదు, కానీ ఆక్సీకరణ ఒత్తిడికి బాక్టీరియా గురైపోతుంది. రోగుల్లో దొరికే నిరోధక స్ట్రెయిన్లలో చాలావాటికి మాత్రం ఒకే ఒక్క మార్పు ఉంటుంది. కాట్‌జీలో 315వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం బదులు త్రియోనిన్. దానితో మందు చురుకెక్కడం బాగా తగ్గిపోతుంది, కాటలేజ్ పని మాత్రం చాలావరకు మిగులుతుంది. ఒత్తిడిలో బతకడం, రోగం తెప్పించడం, మందును తప్పించుకోవడం మూడూ ఒక్క ఎంజైములో ఎలా ముడిపడతాయో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక చేయాల్సింది

కాట్‌జీ, కాట్‌ఈలతో పాటు ఏహెచ్‌పీసీ (ఆల్కైల్ హైడ్రోపెరాక్సైడ్ రిడక్టేజ్‌లో ఒక భాగం) కూడా లేని ట్రిపుల్ మ్యూటెంట్ కట్టడం మొదలైంది. పీ1 లైసేట్ (ఫేజ్ ఉన్న ద్రవం) సిద్ధంగా ఉంది. కణం తన శ్వాసలో తానే పుట్టించుకునే మైక్రోమోలార్ స్థాయి పెరాక్సైడ్‌ను తుడిచేది ప్రధానంగా ఆల్కైల్ హైడ్రోపెరాక్సైడ్ రిడక్టేజే, కాటలేజ్‌లు ఎక్కువ మోతాదులో పనికొస్తాయి. మూడూ పోతే మామూలు గాలిలో, మామూలు ఎల్‌బీలో కూడా ఆ స్ట్రెయిన్ నిలవడం కష్టం. అందుకే ఎంపిక ప్లేట్లను ఆక్సిజన్ లేని జార్‌లో పెట్టాలి, ప్రతి కాలనీని పీసీఆర్‌తో సరిచూడాలి, గాలిలోకి తీసిన ప్రతిసారీ గడియారం చూసుకోవాలి. అది చేతికి వచ్చాక మొదటి ప్రయోగం ఇప్పటికే రాసిపెట్టుకున్నాం. లక్ష కణాలు, బయటి నుంచి పెరాక్సైడ్ ఒక్క చుక్క కూడా కలపకుండా, గాలి తగలనిచ్చి గంట గంటకూ ప్లేటింగ్.